'లెట్ ఇట్ బీ' సింగిల్లో ఒక సోలో, ఆల్బంలో ఇంకో సోలో: ఏది నేర్చుకోవాల?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్తా, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడు. ఫోన్లో బీటిల్స్ బ్యాండు వాళ్ళ 'లెట్ ఇట్ బీ' పాట నీకు రెండు చోట్ల దొరికింది, ఒకటి అదే పేరున్న ఆల్బంలో, ఇంకొకటి 'పాస్ట్ మాస్టర్స్' అనే కలెక్షన్లో. రెండిట్లోనూ గిటార్ సోలో, అంటే నడుమ గొంతు ఆగి గిటార్ ముందుకొచ్చే ముక్క, వేరే వేరేగా వినిపిస్తోంది. మీ ఫ్రెండేమో రెండూ ఒకటే, రీమాస్టర్ చేసినారు అంతే అంటున్నాడు. కర్నూల్లో మీ కాలేజీ డేకి మీ బ్యాండు ఈ పాట వాయించాల, గిటార్ నీది, అందుకని ఏ సోలో నేర్చుకోవాల, ఏది ఒరిజినల్ అని అడుగుతున్నావు.

నీ చెవి కరెక్టు. అవి రెండు వేరే సోలోలు. రెండూ బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ వాయించినవే గానీ ఒకటి 1969 ఏప్రిల్ 30న, ఇంకొకటి 1970 జనవరి 4న. పాటకి పునాది, అంటే పియానో, గొంతు, ఆర్గన్, ఇవన్నీ 1969 జనవరి 31న వాయించిన ఒకే టేకు, అంటే ఒకసారి వాయించి రికార్డు చేసిందే. 'పాస్ట్ మాస్టర్స్'లో ఉండేది సింగిల్ వెర్షన్ (సింగిల్ అంటే ఒక పాట కోసం విడిగా వచ్చే చిన్న రికార్డు), అందులో ఏప్రిల్ సోలో. ఆల్బంలో ఉండేది 1970 జనవరి సోలో. ఒరిజినల్, డూప్లికేట్ అనే లెక్క ఇక్కడ కుదరదు, రెండూ అసలువే. స్టేజీకి మాత్రం సింగిల్ సోలో నేర్చుకో, ఎందుకో కింద చెప్తా, కొంచెం పెద్దగానే ఉంటాది, తీరిగ్గా చదువు.

నేను ఎవరో కూడా చెప్పాల కదా. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నాకు పదిహేడేండ్లు కేసెట్ రికార్డింగ్ అంగడి ఉండేది, 1984 నుంచి 2001 దాకా. జనం నోటుబుక్కు కాగితం మీద పాటల లిస్టు రాసుకొని వచ్చేవాళ్ళు, అరవై కేసెట్టో తొంభై కేసెట్టో కొనుక్కొని ఇచ్చి పోతే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాణ్ణి. తొంభై శాతం తెలుగు, కన్నడ, హిందీ సినిమా పాటలే. మిగతా పది శాతం ఇంగ్లీషు, ఇంజనీరింగు పిల్లోళ్ళు, యూనివర్సిటీ హాస్టల్ వాళ్ళు, బెంగళూరు పోయి వచ్చేవాళ్ళు. ఆ పది శాతం మీదే నా ప్రాణం ఉండేది. నెలకొకసారి పొద్దున బస్సెక్కి బెంగళూరు పోయి పాత ఎల్పీలు, అంటే ఆల్బం మొత్తం పట్టే పెద్ద రికార్డులు, వెతుక్కొని రాత్రికి తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు అంగడి లేదు గానీ ఆ రికార్డులన్నీ ఇంట్లోనే ఉన్నాయి, ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించుకుంటా ఉన్నా.

అరవై కేసెట్టు అంటే ఒక వైపు ముప్పై నిమిషాలు. చివరి పాట మధ్యలో టేపు అయిపోతే కస్టమర్ ఊరుకోడు. అందుకని ఒక పొడుగు పుస్తకం పెట్టుకొని ప్రతి పాటకీ ఎన్ని నిమిషాలు ఎన్ని సెకన్లు అని రాసుకొనేవాణ్ణి. ఇంగ్లీషు పాటల దగ్గరికి వచ్చేసరికి ఒకే పేరుకి రెండు లెక్కలు రావడం మొదలైంది. ద డోర్స్ వాళ్ళ 'లైట్ మై ఫైర్' ఎల్పీలో ఏడు నిమిషాల పైన, సింగిల్లో మూడు నిమిషాల లోపే. నాకు అప్పుడు తెలియక, టేపు చివర మూడు నిమిషాలే మిగిలిందని ఒక హాస్టల్ పిల్లోనికి ఆ చిన్నదే ఎక్కించి ఇచ్చినా. మరుసటి రోజే వచ్చి కౌంటర్ మీద కేసెట్టు పెట్టి 'అన్నా, పాట మధ్యలో మింగేసినారు' అన్నాడు. స్టూలు మీద కూర్చొని ఆ పోయిన ఆర్గన్ ముక్కంతా నోటితో ఈల వేసి వినిపించినాడు, ఒక్క స్వరం తప్పకుండా. ఆ రోజు నుంచి నేను పాట పేరు పక్కన ఏ వెర్షనో కూడా రాయడం మొదలుపెట్టినా.

అసలు ఈ రెండు వెర్షన్ల గొడవ ఎందుకు వచ్చిందంటే, మూలం రికార్డు సైజులోనే ఉంది. 1948లో ఎల్పీ వచ్చింది, పన్నెండు అంగుళాలు, నిమిషానికి 33⅓ చుట్లు, ఒక వైపు ఇరవై నిమిషాల పైన హాయిగా పడతాయి. మరుసటి ఏడాది, 1949లో, ఏడు అంగుళాల 45 చుట్ల చిన్న రికార్డు వచ్చింది. దానికి ఒక వైపు మూడు నాలుగు నిమిషాలైతే మంచి గట్టి సౌండు వస్తాది. ఇంకా పొడుగు పాట పెట్టాలంటే గాడులు దగ్గర దగ్గరగా కొయ్యాల, బేస్ ఎక్కువ ఉంటే గాడి వెడల్పు కావాల, చోటు లేదు, కాబట్టి సౌండు తగ్గించి కోస్తారు. జ్యూక్‌బాక్సులో, రేడియోలో పక్క పాట గట్టిగా మోగి ఇది మెల్లిగా వినిపిస్తే ఎవరికి కావాల? రేడియో వాళ్ళకైతే మూడు నిమిషాల పాటే ముద్దు, గంటలో ఎక్కువ పాటలు, ఎక్కువ ప్రకటనలు. అందుకే సింగిల్ అంటే కత్తిరించినది అనే అభిప్రాయం వచ్చింది.

మనకిది కొత్త కూడా కాదు. 78 రికార్డుల కాలంలో మన సినిమా పాటలకి కూడా ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, పెద్ద పాటైతే మొదటి సగం ఈ వైపు, రెండో సగం ఆ వైపు. రికార్డులో లేని చరణం థియేటర్లో వినిపించేది, థియేటర్లో లేని బిట్టు కేసెట్లో వచ్చేది. మా అమ్మ రికార్డు విని నేర్చుకున్న పాటకి సినిమాలో ఇంకో చరణం ఉందని తెలిసి ఆ చరణం కోసమే రెండోసారి సినిమాకి పోయింది. రాక్ అభిమానులు చేసేదీ అదే.

కానీ, 'లెట్ ఇట్ బీ' విషయం కత్తిరింపు కాదు. అక్కడే మీ ఫ్రెండూ పొరపడినాడు, నేనూ చానా ఏండ్లు పొరపడినా.

1991లో అనుకుంటా, గుంతకల్ రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి ఆస్ట్రేలియా పోతా ఉంటే వాళ్ళ రికార్డులు అమ్ముతున్నారని తెలిసి రైలెక్కి పోయినా. ఒక అట్టపెట్టె నిండా చిన్న రికార్డులు, అందులో ఒకటి ఇది. మధ్యలో బొంద దగ్గర కొంచెం నలిగింది గానీ గాడులు బాగుండినాయి. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించి టర్న్‌టేబుల్ మీద పెట్టినా. అప్పటికి ఆల్బం నేను ఎన్ని వందల సార్లు విని ఉంటానో, పాటలో ఎక్కడ ఏముందో నిద్రలో కూడా చెప్తా. పియానో మొదలైంది, గొంతు వచ్చింది, అంతా మామూలే. రెండు నిమిషాల దగ్గర ఆర్గన్ ముక్క దిగుతా వచ్చి సోలో మొదలయ్యేసరికి నా చెయ్యి టీ గ్లాసు మీద అట్లే ఆగిపోయింది. వేరే సోలో! ఎవరో పాటని తీసుకుపోయి నడిమధ్యలో కిటికీ మార్చి తెచ్చినట్టుంది.

నాకుండేది ఒక్క టర్న్‌టేబులే. అందుకని సింగిల్‌ని కేసెట్లోకి ఎక్కించి, ఆల్బం టర్న్‌టేబుల్ మీద పెట్టి, రెండూ ఒకేసారి వదిలి చూసినా. డెక్కు స్పీడు, టర్న్‌టేబుల్ స్పీడు ఎప్పుడూ అచ్చంగా కలవవు కదా, పది సెకన్లు కలిసి పోయి మెల్లిగా విడిపోయేవి. కేసెట్టుని పాజ్ నొక్కి వదిలి, మళ్ళీ నొక్కి వదిలి, అట్లా రెండు రాత్రులు. కానీ కలిసిన ఆ పది పది సెకన్లలోనే తెలిసిపోయింది. పాట పాడిన పాల్ మెకార్ట్నీ ఊపిరి తీసుకునే చోటు రెండిట్లోనూ ఒకటే. పియానోలో ఒక వేలు కొంచెం ముందుగా పడే చోటు కూడా ఒకటే. అంటే మనిషి రెండుసార్లు పాడలేదు. ఒకటే టేకు, దాని మీద వేరే సోలో. కారణం తెలియడానికి నాకు ఇంకా కొన్నేండ్లు పట్టింది, బెంగళూరులో ఒక పాత పుస్తకాల కొట్టులో సెషన్ల గురించిన పుస్తకం దొరికినాక.

జరిగింది ఇది. 1969 జనవరి 30న బీటిల్స్ లండన్‌లో తమ ఆఫీసు మిద్దె మీద వాయించినారు, అది అందరికీ తెలిసిందే. మరుసటి రోజు అదే బిల్డింగు కింది గదిలో ఈ పాట రికార్డు చేసినారు. పాల్ పియానో, బిల్లీ ప్రెస్టన్ ఆర్గన్, రింగో డ్రమ్స్, జార్జ్ గిటార్, బేస్ మాత్రం జాన్ లెనన్ వాయించినాడు, పాల్ చేతులు పియానో మీద ఉండినాయి కాబట్టి. టేపులో ఒక్కో వాయిద్యం ఒక్కో ట్రాకు మీద ఉంటాది, తర్వాత మిక్సింగులో ఏది పెంచాల, ఏది తగ్గించాల, ఏది తీసెయ్యాల అనేది నిర్ణయించుకోవచ్చు. ఆ టేకు మీదనే ఏప్రిల్ 30న జార్జ్ కొత్త సోలో వాయించినాడు. మళ్ళీ 1970 జనవరి 4న ఇంకొకటి, ఈసారి ఇంకా కోసుగా. అదే రోజు బ్రాస్ వాయిద్యాలు (ట్రంపెట్ లాంటి ఊదేవి), చెల్లో, వెనక పాడే గొంతులు కూడా కలిపినారు, ఆ గొంతుల్లో పాల్ భార్య లిండా మెకార్ట్నీది కూడా ఉంది.

ఒకే టేపు, రెండు సోలోలు. ఇప్పుడు దాన్ని ఇద్దరు మనుషుల చేతిలో పెట్టినారు. సింగిల్‌కి ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, ఆయన ఏప్రిల్ సోలో ఉంచి బ్రాస్‌ని వెనక్కి నెట్టినాడు. అది 1970 మార్చి 6న బ్రిటన్‌లో విడుదలైంది. ఆల్బం ఫిల్ స్పెక్టర్ అనే ఇంకో ప్రొడ్యూసర్ చేతికి పోయింది, ఆయన జనవరి సోలో తీసుకొని, బ్రాస్ పెంచి, డ్రమ్స్‌లో హై-హ్యాట్ (కాలితో మూసే తాళాల జత) మీద ఎకో వేసి, చివర కోరస్‌ని ఇంకో విడత పొడిగించినాడు. అది మే 8న వచ్చింది. మధ్యలో ఏప్రిల్‌లోనే పాల్ బయటికి పోతున్నట్టు ప్రపంచమంతా తెలిసిపోయింది. అంటే సింగిల్ వచ్చినప్పుడు బ్యాండు ఉంది, ఆల్బం వచ్చేసరికి లేదు. నాకు ఆ రెండు సోలోల మధ్య ఉండే తేడా ఎప్పుడు విన్నా ఇది గుర్తుకొస్తాది.

ఇప్పుడు ఆ సోలోలు దగ్గరగా వినాల. ఇయర్‌ఫోన్లు పెట్టుకో, ఫోన్ స్పీకర్లో వద్దు.

సింగిల్ సోలో లెస్లీ స్పీకర్ గుండా పోయింది. లెస్లీ అంటే ఆర్గన్ల కోసం చేసిన పెట్టె, లోపల సౌండు వచ్చే గొట్టమే గుండ్రంగా తిరుగుతా ఉంటాది. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు నిలబడి 'ఆ...' అని అరిచినావా ఎప్పుడైనా? గొంతు అలలు అలలుగా వస్తాది చూడు, అదే. దాన్ని చానా మెత్తగా చేస్తే జార్జ్ గిటార్ అయితాది. స్వరాలు తక్కువ, ఒక్కోదాన్ని నిలబెట్టి వదులుతాడు, పాట రాగాన్నే ఇంకొంచెం పైకి తీసుకుపోయి తెచ్చి దించుతాడు. నోటితో పాడుకోవచ్చు ఆ సోలోని. మా ఇంట్లో నా మనవరాలు ఆరేండ్ల పిల్ల, ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు, ఆ సోలో మాత్రం పాడతాది.

ఆల్బం సోలోలో లెస్లీ తీపి లేదు. గిటార్ గొంతులో గరుకు ఉంది, తీగలు లాగడం ఎక్కువ, ముందుకొచ్చి నిలబడి మాట్లాడినట్టు ఉంటాది. వెనక బ్రాస్ కూడా పెద్దదిగా ఉంది కాబట్టి దాని మీద గెలవాలంటే అట్లానే వాయించాల. కోపంగా ఉందంటారు కొందరు, నాకు కోపం అనిపించదు, తెంపు అనిపిస్తాది. రోజూ వినడానికి నాకు సింగిలే. రాత్రిపూట ఒక్కణ్ణే ఉండి, ఆల్బం మొదటి నుంచి వింటా వస్తే మాత్రం ఆ చోట ఆ గరుకు సోలోనే కావాల, మెత్తనిది అక్కడ తేలిపోతాది.

మీ ఫ్రెండు 'రీమాస్టర్' అనడానికి కారణం నాకు తెలుసు, ఫోన్లో రెండు పాటల పక్కనా 'రీమాస్టర్డ్ 2009' అనే రాసి ఉంటాది. బీటిల్స్ ఆల్బంలన్నీ, 'పాస్ట్ మాస్టర్స్' కూడా, 2009లో రీమాస్టర్ అయినాయి. కానీ రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు. రీమాస్టర్ అంటే వండిన కూరని మళ్ళీ వేడి చేసి, ఉప్పు చూసి వడ్డించడం. అందులో ముక్కలు మారవు, సోలో మారదు. సౌండు కొంచెం గట్టిగా, కొంచెం తేటగా అవుతాది, అంతే. మిక్స్ మార్చడమంటే అవే దినుసులతో మళ్ళీ పొయ్యి మీద పెట్టి వండడం. ఈ పాటకి ఇంకా వంటలున్నాయి, 2003లో 'నేకెడ్' అనే పేరుతో వచ్చినదాంట్లో స్పెక్టర్ చేర్చినవన్నీ తీసేసినారు, అందులో సోలో ఈ రెండూ కాదు, మూడోది. 2021లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ ఆల్బంని కొత్తగా మిక్స్ చేసినాడు. 'వన్' అనే హిట్ల కలెక్షన్లో ఉండేది సింగిల్ వెర్షనే, దాన్నీ 2015లో కొత్తగా మిక్స్ చేసినారు. కాబట్టి పక్కన రాసిన సంవత్సరం చూసి మోసపోవద్దు, ఏ కలెక్షన్లో ఉందో చూడు.

నీకు నువ్వే పరీక్ష చేసుకోవాలంటే నాలాగా రెండు రాత్రులు కూర్చోనక్కర్లేదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు పాటలూ అందులో వేసి, మొదటి పియానో దెబ్బ రెండిట్లోనూ ఒకే గీత మీదకి జరుపు. ఒకటి పూర్తిగా ఎడమ చెవికి, ఇంకొకటి పూర్తిగా కుడి చెవికి పెట్టు. ప్లే నొక్కు. గొంతు, పియానో రెండు చెవుల్లో కలిసి తల నడుమ ఒకే మనిషి పాడినట్టు వస్తాది (కొంచెం అటూ ఇటూ జరిగితే మళ్ళీ సర్దుకో), సోలో రాగానే ఎడమకొక జార్జ్, కుడికొక జార్జ్. మీ ఫ్రెండుకి ఇది వినిపించు, ఇంక మాట్లాడడు. చివర కోరస్ దగ్గర ఆల్బంది కొనసాగుతా ఉంటే సింగిల్ ముందే అయిపోతాది, అది కూడా చూసుకో, స్టేజీకి అది ముఖ్యం.

ఇక మిగతా పాటల సంగతి కూడా అడిగినావు, ప్రతి పాటకీ ఇట్లాగే ఉంటాదా అని. ఉండదు, ఒక్కో పాటది ఒక్కో కథ.

కొన్నిట్లో నిజంగానే కోతే. 'లైట్ మై ఫైర్' చెప్పినా కదా, 1967లో ఆ చిన్న సింగిలే అమెరికాలో నంబర్ వన్ అయింది, నడుమ ఉండే ఆర్గన్, గిటార్ సోలోలు దాదాపు అంతా తీసేసి. పాట బతికింది, కచేరీ పోయింది. అయితే ఆ సింగిల్‌కి ఒక విలువ ఉంది, అది చానా మందికి తెలియదు. స్టీరియో ఎల్పీలో పాట మూడున్నర శాతం దాకా నెమ్మదిగా పోయింది, స్వరం కూడా కొంచెం దిగింది. చిన్న సింగిల్లో స్పీడు సరిగ్గా ఉండింది. దశాబ్దాల తర్వాత ఒక ప్రొఫెసర్ ఎత్తి చూపితే అప్పుడు సరిచేసినారు. నా అంగడికి వచ్చే ఒక గిటార్ పిల్లోడు ఈ పాట వాయించాలంటే ప్రతిసారీ తీగలు కొంచెం వదులు చేసుకొనేవాడు, ఎందుకో ఇద్దరికీ తెలియదు, నా టర్న్‌టేబుల్ బెల్టు వదులైందని కొత్త బెల్టు కూడా వేయించినా!

ఎరిక్ క్లాప్టన్ 'లైలా' కూడా కోతే. 1970 ఆల్బంలో ఏడు నిమిషాలు, చివరి సగం అంతా ఆ పియానో ముక్క. 1971లో మూడు నిమిషాల లోపు సింగిల్ తెస్తే పెద్దగా పోలేదు, 1972లో మళ్ళీ పూర్తి పొడుగుతో తెస్తే అప్పుడు హిట్టయింది. కాబట్టి పొడుగు ఉంటే జనం వినరు అనేది ఎప్పుడూ నిజం కాదు. బీటిల్స్ 'హే జూడ్' ఏడు నిమిషాల పైన ఉండి కూడా సింగిల్‌గానే వచ్చింది, ఆల్బం కోసం చేసిందే కాదు. ఇక ఈగల్స్ బ్యాండు 'హోటల్ కాలిఫోర్నియా', మన వైపు గిటార్ పట్టుకున్న ప్రతివాడూ మొదట నేర్చుకునేది, ఆరున్నర నిమిషాలు. కంపెనీ వాళ్ళు కుదించమంటే ఆ పాట పాడిన డాన్ హెన్లీ ఒప్పుకోలేదు, 1977లో అట్లే సింగిల్‌గా వదిలినారు, నంబర్ వన్ అయింది. చివర ఇద్దరు గిటారిస్టులు జోడీగా వాయించేది కోసేసి ఉంటే ఇంక ఆ పాటలో నేర్చుకోవడానికి ఏముండేది చెప్పు.

గన్స్ ఎన్ రోజెస్ బ్యాండు 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' దానికి ఎదురు. రేడియో కోసం, వీడియో కోసం గిటారిస్టు స్లాష్ సోలోని కోసినారు, సింగర్ ఆక్సెల్ రోజ్ దాని మీద బాహాటంగానే మండిపడినాడు. నేను కూడా ఆయన పక్షమే.

కొన్ని పాటలు పేరుకి ఒకటే, రికార్డింగే వేరు. బీటిల్స్‌దే 'రెవల్యూషన్' చూడు. మొదట రికార్డు చేసింది నెమ్మది పాట, 1968 మే నెలలో. అది సింగిల్‌కి మరీ నెమ్మది అని మిగతావాళ్ళు అంటే జాన్ జులైలో మళ్ళీ మొదటి నుంచి వేగంగా వాయించినాడు, గిటార్లని ఆంప్లిఫయర్ లేకుండా నేరుగా మిక్సింగ్ బల్లలోకి గుచ్చి, అది తట్టుకోలేక చిరిగిపోయే సౌండు వచ్చేలాగా. ఆ వేగం పాట ఆగస్టులో సింగిల్ వెనక వైపు ముందే వచ్చేసింది, నెమ్మదిది నవంబర్‌లో 'రెవల్యూషన్ 1' అని ఆల్బంలో వచ్చింది. ముందు పుట్టింది వెనక వచ్చింది. ఇక్కడ ఒరిజినల్ ఏది అని అడిగితే ఏమని చెప్తాం?

ఇంకో రకం, మొదలూ చివరా మారేది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్' రెండో భాగం ఆల్బంలో ముందు పాట నుంచి నేరుగా అరుపుతో దూకి వస్తాది, దానికి సొంత మొదలు లేదు. సింగిల్ కోసం ముందు కొంచెం గిటార్ తాళం పెట్టినారు, చివర సోలో సాగుతా ఉండగానే మెల్లిగా మాయం చేసినారు. కేసెట్టు నింపేవానికి ఆ సింగిల్ దేవుడిచ్చిన వరం. ఆల్బంలోది ఎక్కిస్తే ముందు పాట తోక కొంచెం రావాల్సిందే, లేదంటే తలుపు దబ్బున తోసుకొని లోపలికి వచ్చినట్టు ఉంటాది.

ఆల్బం వెర్షన్ అనేది కూడా ఒకటే ఉంటాదని అనుకోవద్దు. 1985లో డైర్ స్ట్రెయిట్స్ 'మనీ ఫర్ నథింగ్' సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలకి కొంచెం తక్కువ, అదే ఆల్బం ఎల్పీలో ఏడు నిమిషాలు, చోటు చాలక. సింగిల్లో ఇంకా చిన్నది. మూడు లెక్కలు నా పుస్తకంలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి ఇప్పటికీ.

ఇప్పుడు మీ కాలేజీ డే సంగతి. సింగిల్ సోలో ఎందుకు నేర్చుకోమన్నానంటే, ఒకటి, అది స్వరాలు తక్కువ, సీ మేజర్‌లో హాయిగా చేతికి వస్తాది, తప్పు పోయినా పాటలో కలిసిపోతాది. రెండు, మీకు బ్రాస్ వాయించేవాళ్ళు ఉండరు కదా. ఆల్బం సోలో వెనక ఆ బ్రాస్ దన్ను లేకపోతే ఒంటరిగా అరిచినట్టు ఉంటాది, నేను రెండు మూడు కాలేజీ బ్యాండ్లు అట్లా వాయించగా విన్నా, సోలో దగ్గరికొచ్చేసరికి పాట ఒక దారి, గిటార్ ఒక దారి. మూడు, ఆరుబయట స్టేజీ మీద అద్దెకి తెచ్చిన స్పీకర్లలో ఓవర్‌డ్రైవ్ (గిటార్ సౌండుని గరుకు చేసేది) పెడితే వంద అడుగుల అవతల గోల మాత్రమే వినబడతాది. మెత్తనిది దూరం పోతాది.

లెస్లీ పెట్టె ఎక్కడా దొరకదు, దాని కోసం తిరగొద్దు. కోరస్ పెడల్ (గిటార్ సౌండుని అలలుగా చేసే కాలి స్విచ్చు పెట్టె) ఉంటే స్పీడు బాగా తగ్గించి, డెప్త్ సగానికి పెట్టు. రోటరీ అని ఎఫెక్టు ఉంటే ఇంకా మంచిది, స్లో మీద పెట్టు. పెడల్ లేకపోతే ఏమీ వద్దు, శుభ్రమైన టోన్‌తో వాయించు, చాలు. ముందు నోటితో పాడటం నేర్చుకో, వారం రోజులు గిటార్ ముట్టకుండా, బండి మీద పోతా కూడా పాడుకో, తర్వాత చెయ్యి దానంతటదే పోతాది. జనవరి సోలో మీద మనసు పడితే ఇంట్లో నేర్చుకో, అది నీకు తీగలు లాగడం నేర్పిస్తాది.

ఒక్క జాగ్రత్త. మీ సింగర్ ఏ వెర్షన్ విని నేర్చుకున్నాడో ఇప్పుడే అడుగు. వాడు ఆల్బం విని ఉంటే చివర ఒక కోరస్ ఎక్కువ పాడతాడు, డ్రమ్మర్ సింగిల్ విని ఉంటే ముందే ఆపేస్తాడు, స్టేజీ మీద ఒకని మొహం ఒకడు చూసుకోవాల్సి వస్తాది. నలుగురూ కూర్చొని 'పాస్ట్ మాస్టర్స్'లో ఉండేదే వినండి, చివర కోరస్ ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టి కాగితం మీద రాసి కీబోర్డు మీద అంటించండి. రిహార్సల్ ఫోన్లో రికార్డు చేసి పంపితే వింటా, సోలోలో ఎక్కడ తొందర పడుతున్నావో చెప్తా.